వానలో ఊరికే

నవంబరు 17

పొద్దున్నుంచీ ముసురు. పత్తితీతకు పిలుపు లేదు. తడిసిన పత్తిని ఎవడు తీయిస్తాడు? ముఠాలో పదకొండుమందిమీ ఎవరి చూరు కింద వాళ్ళం. కాదు... పదిమందిమి. నోరు ఇంకా పదకొండనే అంటోంది.

అన్నం తిని బయల్దేరాను. గొడుగు లేదు. యూరియా సంచిని కొప్పెలా మడిచి నెత్తిన వేసుకున్నా. పాలకేంద్రం అరుగు మీద మా ముఠా బుల్లెమ్మ, కాళ్ళు ఆడిస్తూ.

"ఏమే కోటమ్మా, ఈ వానలో ఎక్కడికే?"

"ఊరికే."

"ఏ ఊరికే?"

పగలబడి నవ్వింది, నేనేదో మాటతో ఆడానని. ఆడలేదు. వాగు అవతల ఒక ఊరుంది, ఆ ఊరికే. నలభై ఏడేళ్ళలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్తే అదీ జోకయింది.

వాగు దాకా వెళ్ళాను. నీళ్ళు మోకాలి కిందే. దాటొచ్చు.

దాటలేదు.

నవంబరు 18

మళ్ళీ వాన. మళ్ళీ వెళ్ళాను.

నల్లరేగడి పొడిగా ఉన్నప్పుడు పగుళ్ళిచ్చి పళ్ళికిలిస్తుంది. తడిస్తే మనిషిని వదలదు. నాలుగడుగులకే చెప్పులు చేతికి వచ్చేశాయి. పది అడుగులకి పాదం ఏనుగు పాదం. గట్టు రాయికేసి గీకి, మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ ఏనుగు. ఈ నేల మీద ఎవరూ తొందరగా ఎక్కడికీ పోలేరు. పోవాల్సినవాళ్ళు కూడా.

రెండు పక్కలా పత్తి. విచ్చుకున్న కాయల్లోంచి దూది తడిసి, ముసలోళ్ళ గడ్డాల్లా కిందికి వేలాడుతోంది. తర్వాత శేషయ్యగారి మిరపచేను. చేను మధ్య అది.

తలెత్తకుండా పోదామనుకున్నా. ఎత్తాను.

ఒక్కసారి దాపరికం లేకుండా రాసుకోవాలి. ఎవరూ చదవరు గనక.

మిరప నాటి, మొక్క మోకాలెత్తు లేచి కళకళలాడే వేళకి దిష్టిబొమ్మ పెడతాం. రెండు కర్రలు, గడ్డి, మీద బోర్లించిన కుండ. సున్నంతో ముఖం గీసే పని నాది, ఎప్పట్నుంచో. ఊళ్ళో ఎవరో ఒకరి పోలిక తెస్తాను, ముఠా అంతా పడీపడీ నవ్వుతుంది. పోయినేడు శేషయ్యగారినే పెట్టాను, ఆయన పాత పంచె, ఆయన మీసం. ఆయనే పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఏమీ కాలేదు. దున్నపోతులా ఉన్నాడు.

ఈ ఏడు మా ముఠాలోని మరియమ్మని పెట్టాను.

దండెం మీద ఆరేసిన పసుపు పువ్వుల జాకెట్టు తనకి తెలియకుండా కాజేశాను. ఆకువక్క ఎడమ బుగ్గన పెట్టుకుంటుంది కదా, నవ్వితే మూతి ఎడమకి పోతుంది. అలాగే గీశాను, ఎడమకి లాగి. అడ్డకర్ర పొట్టిదయింది. కుడిచెయ్యి జాకెట్టు ఖాళీగా వేలాడింది. వెతికి ఇంకో కర్ర తెద్దామని కూడా అనుకోలేదు. నవ్వు తొందర.

అందరూ నవ్వారు. బుల్లెమ్మ మాత్రం, "బతికున్న మనిషివే, దిష్టి తగలదూ?" అంది. దానికి నేను చెప్పిన సమాధానం, "మనవాళ్ళనెవర్ని పెట్టినా తగులుద్ది. మరియ వాళ్ళకి దిష్టి లేదుగా, చర్చీ వాళ్ళు. ఊరి కళ్ళన్నీ దాని మీద పడ్డా జారిపోతాయి. అందుకే దాన్ని ఏరాను."

ఎంత తెలివి. ఏడో తరగతి తెలివి.

మరియ కూడా ఒప్పుకుంది. "అవునే, మీ దిష్టి మా మీద పని చేయదు" అని గట్టు మీద కూలబడి భుజాలు ఊపింది. దాని నవ్వుకి చప్పుడుండదు. భుజాలే.

ఇరవై మూడు రోజులకి, పక్క పత్తిచేలో, తీసిన పత్తి దాని ఒడిలోంచి జారింది. వంగి తీసుకోబోయింది. చెయ్యి రాలేదు. తలెత్తి నన్నే చూసింది, ఏదో చెప్పబోయింది. మూతి ఎడమకి పోయింది. నేను నవ్వాను. ఆకువక్క నవ్వే అనుకున్నా. నా నవ్వు ఎందరు చూశారో.

కింద పడ్డాక అందరం పరిగెత్తాం. బుల్లెమ్మ పరిగెత్తలేదు. నిలబడి మిరపచేను వైపు చూస్తోంది. అది ఎటు చూస్తోందో నేను చూశాను.

చాలు.

నవంబరు 19

వాన. వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుంటే ఇల్లు కూడా నడుస్తున్నట్టే ఉంది.

నవంబరు 20

వాగు దాటాను.

మరియ కూతురు సునీత ఇల్లు ఊరి మొదట్లోనే. ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికే తీసుకెళ్ళారు. మరియకి మొగుడు పోయి పదేళ్ళు, ఇక్కడ చూసేవాళ్ళు లేరు. నేనున్నానని ఎవరూ అనుకోలేదు. నేను కూడా అప్పుడు ఆ మాట అనలేదు.

ఒళ్ళంతా బురద. గుమ్మం ముందు నిలబడి, "సునీతా, అమ్మెలా ఉందే?" అన్నాను.

"బానే ఉంది."

"ఒక్కసారి చూసి పోతా."

తలుపుకి అడ్డంగా నిలబడింది. ఆ పిల్ల జడ నేనేశాను చిన్నప్పుడు.

"నీ మీద మాకేం కోపం లేదు. మాకట్టాంటి నమ్మకాలు లేవు. పాస్టరు గారు కూడా అదే చెప్పారు. దిష్టి గిష్టి అనుకోవటం పాపమని" అంది.

"మరింకేమే..."

"నమ్మకం లేదు. అయినా మా అమ్మనెందుకు చేశావు? అంతమందిలో మా అమ్మే దొరికిందా?"

సమాధానముంది. మీకు తగలదని చేశా. నోటి దాకా వచ్చి ఆగింది.

తలుపు వేసింది, మెల్లగా. దభీమని వేసినా బాగుండేది. పిన్నీ అని ఒక్కసారీ అనలేదు.

తిరిగొస్తుంటే వాన నిలువునా కొట్టింది. వాగు గట్టు మీద గొర్రెలాయన ఒకడు, గొంగడి కింద. "ఎక్కడికి పోయొస్తన్నావమ్మా?"

"తుఫాన్ని పిలవటానికి పోయా. బొట్టు పెట్టి వచ్చా. భోజనాల వేళకి వస్తానంది."

ఆయన నవ్వలేదు. ఆకాశం వైపు చూశాడు, నిజమేనేమోనని.

నవంబరు 22

రెండు రోజులుగా ఒకటే గుర్తొస్తోంది. దాని పోవే.

మరియ దగ్గర రెండు పోవేలుండేవి. ఒకటి నవ్వు పోవే. నేనేదైనా వేషం వేసినప్పుడు, ఫోనులో ఆడమనిషి గొంతు పెట్టి, మీరు పిలిచిన కోటమ్మ ప్రస్తుతం అందుబాటులో లేదు, దయచేసి కాసేపాగి తిట్టండి అన్నప్పుడు... గట్టు మీద కూలబడి, చెయ్యి విసిరి, "పోవేఏఏ" అని సాగదీస్తుంది. ఆ చివర్న సాగిందంటే నేను గెలిచినట్టు. దాని కోసమే వేషాలన్నీ. మిగతా తొమ్మిదిమంది ఎలాగూ నవ్వుతారు. వాళ్ళు దేనికైనా నవ్వుతారు.

రెండోది ఒక్కసారే విన్నాను. దాని మొగుడు పోయిన మూడో రోజు. ఏడుస్తుంటే చూడలేక, ఏదో ఒకటి అని నవ్విద్దామని, పోయినాయన గురక గురించి ఒక మాటన్నాను. తల తిప్పకుండా, "పోవే" అంది. తుంచేసింది. లేచి గుమ్మం దాటేశాను.

సాగితే ఉండమని. తుంచితే పొమ్మని. అక్షరాలు అవే.

నవంబరు 23

శేషయ్యగారి ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని టీవీలో తుఫాను వార్త చూస్తున్నాడు.

"ఏవండీ, ఆ బొమ్మ తీసేద్దామండి."

"ఏ బొమ్మ?"

"మీ చేలో ఎన్ని బొమ్మలున్నాయేంటి, మీరు గాక."

మామూలుగా అయితే నవ్వేవాడు. "చేను పూత మీదుంటే దిష్టిబొమ్మ తీస్తారటే? బుద్ధుందా? ఇప్పటికే నీళ్ళు నిలబడి మొక్క వడలిపోతంది."

"కొత్తది చేస్తానండి. మీ మీసం పెట్టి."

"వద్దు. మొదటి కోత అయ్యేదాకా దాని మీద చెయ్యి పడితే ఊరుకోను." గొంతు తగ్గించి అన్నాడు, అదేదో నాకు మంచిమాట చెప్తున్నట్టు. "పైగా బాగా పని చేస్తందే అది. చుట్టూ చేలన్నిట్లో ఆకుముడత వచ్చింది. చూశావుగా. మన చేలో ఒక్క మొక్కకి రాలేదు. అంతా అది లాగేసుకుంది."

అంతా అది లాగేసుకుంది.

మెట్లు దిగుతుంటే కాలు జారింది. "జాగ్రత్త" అన్నాడు. మంచివాడే పాపం. వాడి చేను బాగుంది.

నవంబరు 24

దిష్టి లేదు, ఏమీ లేదు. దానికి బీపీ ఉంది, బిళ్ళలు సరిగ్గా వేసుకోదు. అది నాకు తెలుసు. పక్షవాతం దానివల్లేనని ఆసుపత్రిలో కూడా చెప్పారట. చదువుకున్నవాళ్ళకి తెలిసింది నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం? తెలిసినది తలలో ఉంది. బొమ్మ చేలో ఉంది.

నవంబరు 25

బొమ్మని తీయకూడదంతే కదా. మూతి సరిచేయకూడదని ఎవరూ అనలేదు.

మరియ పడిపోయిన రోజు చేలో దాని సున్నం డబ్బా దొరికింది. చిన్న సత్తు డబ్బా, మూత మీద సొట్ట. ఇద్దామని దాచాను. ఎవరికివ్వను? ఇవాళ అది బొడ్లో దోపుకుని వెళ్ళాను.

చేలోకి దిగితే మొక్కల మధ్య నీళ్ళు, చీలమండ దాకా. పూత రాలి నీళ్ళ మీద తెల్లగా తేలుతోంది. బొమ్మ దగ్గరికి వెళ్ళేసరికి... ముఖం లేదు. వానకి సున్నం కారిపోయి, కుండ నల్లగా ఉంది. కళ్ళు లేవు. మూతి మాత్రం సన్నగా మిగిలింది, ఎడమ చివర. మొదట గీసేటప్పుడు అక్కడే గట్టిగా రుద్దాను, బాగా నవ్వు రావాలని.

గోటితో గీకాను. వేలికి సున్నం తీసి తిన్నగా గీత గీశాను, ఒక చివర నుంచి ఇంకో చివరకి. మూతి సరిగ్గా వచ్చింది. రెండు నిమిషాలు. తర్వాత గీత వణికి, కిందికి కారి, గడ్డం మీదుగా జాకెట్టు మీద పడింది. చొంగ కారినట్టు.

మళ్ళీ గీశాను. మళ్ళీ కారింది.

మరియకి కూడా అన్నం పెడితే కుడి మూల నుంచి కారుతుందని బుల్లెమ్మ చెప్పింది మొన్న. గుర్తొచ్చి చెయ్యి తీసేశాను.

నవంబరు 26

మూడుసార్లు గీశాను. మూడుసార్లూ వాన తుడిచింది.

నవంబరు 27

ఊళ్ళో మాట పుట్టింది. కోటమ్మకి అవతలి గట్టున ఎవడో ఉన్నాడు, అందుకే రోజూ వానలో. బుల్లెమ్మే మోసుకొచ్చింది, తన మాట కానట్టు.

"ఉన్నాడే. ఒంటికాలి మీద నిలబడి ఉంటాడు, రాత్రీపగలూ. కుండ తలకాయ. మీ ఆయనకంటే నయం, మాట వింటాడు" అన్నా.

బుల్లెమ్మ నవ్వి, నవ్వు మధ్యలో ఆగిపోయింది. దానికి అర్థమయింది.

"నువ్వే చేశావని నేననలేదే" అంది.

"ఆ రోజు నువ్వు అటు చూశావు చాలు."

మా ఆయన చెవిన కూడా పడే ఉంటుంది. ఏమీ అనలేదు. పెళ్ళయిన కాడ్నుంచి నేను వేసిన వేషాలకి ఆయన చేసినది అదే, ఏమీ అనకపోవడం. ఇవాళ బయల్దేరుతుంటే గుమ్మం పక్కన నున్నగా చెక్కిన వేపకర్ర ఆనించి ఉంది, కొస పలకలా చెక్కి. కాలి బురద గీక్కోవడానికి. నేను పెట్టలేదు.

నవంబరు 29

మరియకి మాటొచ్చిందట!

సునీత వాళ్ళ ఊరి నుంచి పాలు తెచ్చేవాళ్ళు చెప్పారు. సంచి కూడా వేసుకోకుండా పరిగెత్తాను. పరిగెత్తడమంటే ఈ బురదలో... కర్ర కూడా లేకుండా, పాకుతున్నట్టు. దారంతా అదే. వచ్చేసింది, చెప్పేస్తుంది, నీ వల్ల కాదే పిచ్చిదానా అనేస్తుంది. లేదా తిడుతుంది. ఏదో ఒకటి. తిట్టినా సరే. తిట్టు ఒకటి తెలిస్తే ఆ తిట్టు మోసుకుంటూ బతకొచ్చు.

సునీత పెరట్లో గిన్నెలు తోముతోంది. నన్ను చూసి లేవలేదు.

"మాటొచ్చిందంటగా!"

"వచ్చింది. ఒకటే మాట." గిన్నె రుద్దుతూనే ఉంది. "పోవే అంటంది. అన్నం పెడితే పోవే. మాత్ర వేస్తే పోవే. మా ఆయన్ని కూడా పోవే అంటంది, మగోణ్ణి. నిన్న పాస్టరు గారు నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తంటే, ఆయన్నీ పోవే అంది. దేవుణ్ణి కూడా అన్నట్టే. మిగతా మాటలన్నీ చచ్చిపోయి ఆ ఒక్కటే మిగిలిందంట. డాక్టరు చెప్పాడు, కొందరికట్టా ఒక్క మాట మిగుల్తదని. బాగా వాడిన మాట."

బాగా వాడిన మాట. ఎవరి మీద వాడింది? ఎవరు వాడించారు పాతికేళ్ళు?

"సాగదీస్తందా, తుంచుతందా?" అన్నాను.

సునీత మొదటిసారి తలెత్తి నా ముఖం చూసింది. నాకు పిచ్చి పట్టిందా అన్నట్టు. "ఏంటి?"

"ఏం లేదే. ఊరికే."

లోపలికి రమ్మనలేదు. నేనడగలేదు. అడిగే ధైర్యం ఒక్కసారిగా పోయింది.

నవంబరు 30

తిన్నగా గీశాను. కారింది.

డిసెంబరు 1

ఎండ.

పత్తితీతకి పిలుపొచ్చింది. కాయల్లోనే గింజ మొలకెత్తింది, దూదిలోంచి ఆకుపచ్చ తోక. అందరూ అయ్యో అంటున్నారు. ఏదో ఒకటి చేయాలి కదా, ఫోను ఆడమనిషి గొంతు పెట్టాను, మీరు నాటిన పత్తి ప్రస్తుతం మొలకల్లో ఉంది అని. నవ్వారు, బాగానే నవ్వారు. అలవాటుగా ఎడమపక్క సాలు వైపు తిరిగాను.

భుజాలు లేవు అక్కడ.

వాన ఉంటేనే బాగుంది. ఎండలో ఎవరికీ ఊరికే నడిచే హక్కు లేదు.

డిసెంబరు 3

తుఫాను ఇవాళ దగ్గరికొస్తుందట. బడికి సెలవు. చెట్లు ఒకవైపే వంగి, దువ్వినట్టున్నాయి. మా ఆయన చూరు కింద కూర్చుని, "ఇవాళ కూడానా?" అన్నాడు. ఈ పదిహేను రోజుల్లో అడిగింది అదొక్కటే.

"ఇవాళొక్కసారి."

వాగు తొడల్లోతు వచ్చింది. కర్ర పొడుస్తూ దాటాను. మధ్యలో ఒకసారి కాలి కింద నేల లేదు. భయం వేయలేదు. వేయనందుకు తర్వాత భయమేసింది.

సునీత ఇంటి ముందు క్రిస్మస్ నక్షత్రం అప్పుడే కట్టారు. తడవకుండా పాలిథిన్ కవరు తొడిగారు. గాలికి అది కొట్టుకుంటోంది, ముఖానికి సంచి బిగించినట్టు. గోడవారగా నిలబడ్డాను. పిలవలేదు. ఎంతసేపో తెలియదు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

తలుపు తీసింది సునీత. "తడిసి చస్తే అదీ మా మీదకే వస్తది. రా."

పిన్నీ అనలేదు. రా అంది.

రేకుల ఇల్లు. వాన మీద పడుతుంటే లోపల ఒకరి మాట ఒకరికి వినపడదు. మంచం మీద మరియ. జుట్టు కత్తిరించేశారు. కుడిచెయ్యి దిండు మీద పెట్టి ఉంది, ఎవరిదో తెచ్చి పెట్టినట్టు. మూతి ఎడమకి. నేను గీసినదే. వేలెడు తేడా లేదు.

కళ్ళు మాత్రం దానివే. గుర్తుపట్టింది.

పదిహేను రోజులు దారిలో కూడబెట్టుకున్న మాటలున్నాయి. నీకు తగలదనే చేశానే, నవ్వు కోసమే చేశానే, నీ నవ్వు కోసమే. ఒక్కటీ రాలేదు. "మరియా... నేనే" అన్నాను. సున్నం డబ్బా తీసి చూపించాను. కళ్ళు డబ్బా మీదికి వెళ్ళి, మళ్ళీ నా మీదికి వచ్చాయి. సునీత విసుగ్గా, "ఇప్పుడు ఆకేసుకునే నోరా అది?" అంది.

అప్పుడు చేశాను. ఎందుకు చేశానో తెలియదు. నా దగ్గర ఉన్నది అదొక్కటే, మాటల్లేనప్పుడు నేను చేసేది అదే. రెండు కాళ్ళు దగ్గరికి పెట్టి కర్రలా నిలబడ్డాను. ఎడమచెయ్యి బారజాపాను. కుడిచెయ్యి వదిలేశాను, ఖాళీ జాకెట్టులా. మూతి ఎడమకి లాగాను.

దిష్టిబొమ్మని. నేనే. నన్ను పెట్టవే ఈసారి. కళ్ళన్నీ నా మీద పడనీ.

మరియ చూసింది. చూస్తూనే ఉంది. అప్పుడు దాని భుజం కదిలింది. ఎడమదే, రెండోది కదలదు కదా. ఒకసారి, రెండుసార్లు... ఊగింది. మూతి ఇంకా పక్కకి పోయింది. కంట్లోంచి నీళ్ళు.

"బయటికి నడువ్!" సునీత నన్ను పట్టుకుని తోసింది. గొంతు చీరుకుపోయింది ఆ పిల్లకి. "ఇంకా ఆటలేనా? మా అమ్మని ఇట్టా చేసి, మళ్ళీ అమ్మ ముందే ఆడి చూపిస్తావా? అసలు మనిషివేనా నువ్వు?"

గుమ్మం దాటుతున్నాను. వెనక నుంచి...

"పోవే."

డిసెంబరు 4

తుఫాను దర్శి వైపు దాటిపోయిందట. మాకు కరెంటు లేదు.

నిన్నటి నుంచి అదే వింటున్నాను. పో... వే. పోవే. వే తర్వాత ఏముంది? సాగిందా? సరిగ్గా అప్పుడే గాలి తిరిగి రేకుల మీద వాన దబదబా కొట్టింది. మాట తోక వాన తినేసింది. ఇన్ని రోజులు వానలో నడిచానని కాబోలు, కూలి కింద అది తీసుకుంది.

భుజం ఊగింది నిజం. నవ్వితే ఊగుతుంది. ఏడిస్తే ఊగదా? మొగుడు పోయినప్పుడు దాని తిప్పని తలే చూశాను గానీ భుజాలు చూడలేదు. పాతికేళ్ళ స్నేహం, ఏడుపెలా ఉంటుందో తెలియదు. ఏడవనిస్తే కదా.

సునీత దగ్గరే ఉంది. సునీతని అడగొచ్చు, సాగిందా తుంచిందా అని. అడిగితే చెప్పుతో కొడుతుంది. కొట్టినా... ఆ పిల్లకి ఆ తేడా తెలియదు. ఆ తేడా ఈ భూమి మీద ఇద్దరికే తెలుసు. ఒకదానికి మాట లేదు. ఇంకోదానికి వినపడలేదు.

డిసెంబరు 5

అసలు నాకు కాదేమో. పాస్టరు గారికీ అదే, మాత్రకీ అదే.

అయితే భుజం?

డిసెంబరు 6

బుల్లెమ్మ వచ్చింది. సునీత కబురు పంపిందట, ఇంక రావద్దని చెప్పు అని. "మళ్ళీ వస్తే వాళ్ళాయనతో చెప్పిస్తదంట."

"ఇంకేమన్నా అందా?"

"మూడు రోజుల్నుంచి మీ మరియ అస్సలు మాట్లాడటం లేదంట. ఆ ఒక్క మాట కూడా పోయిందంట."

బుల్లెమ్మ వెళ్ళేదాకా నవ్వుతూ కూర్చున్నాను. నవ్వుతున్నానని అది వెళ్ళాక తెలిసింది, దవడ నొప్పి పుట్టి.

ఆఖరి మాట నాకే ఇచ్చి ఊరుకుంది. ఇచ్చిందో, విసిరిందో.

డిసెంబరు 7

మళ్ళీ సన్నటి తుంపర. వాగు వైపు పోలేదు. చేను దాకానే.

శేషయ్యగారి చేను పోయింది. నీళ్ళు తీసినా వేరు కుళ్ళింది, మొక్కలన్నీ తల వాల్చేశాయి. పూత మొత్తం కింద. చుట్టుపక్కల చేలకీ మనకీ ఇప్పుడేం తేడా లేదు. బొమ్మ మాత్రం పడలేదు. అంత గాలికి కూడా పడలేదు. జాకెట్టు పసుపు పువ్వులు వెలిసి తెల్లబడ్డాయి. కుండ మీద ఏమీ లేదు, ఎడమ మూల గీత కూడా. కడిగిన ముఖం.

డబ్బా మూత తీశాను. అడుగున గీకితే ఒక వేలికి వచ్చింది. ఒక్క గీతకి సరిపోతుంది. ఇంక లేదు.

వేలు ఎత్తి కుండ దాకా తెచ్చాను.

తిన్నగా గీయాలా? అది సాగదీసి ఉంటే, ఆ ఎడమకి పోయిన మూతి నవ్వే కదా. నవ్వుని నేనే తిన్నగా దిద్దేస్తానా? తుంచి ఉంటే... ఎడమకి గీసే హక్కు నాకేది?

గట్టు మీద నుంచి శేషయ్యగారి గొంతు. ఒట్టి గొంతే, కోపం కూడా లేదు అందులో. "ఏం చేస్తన్నావే కోటమ్మా అక్కడ? ఇంకేముందని?"

"ఊరికేనండి."

ఆయన వెళ్ళిపోలేదు. ఇద్దరం అలాగే నిలబడ్డాం, తుంపరలో, బొమ్మకి ఆ పక్కా ఈ పక్కా.

గీయకుండానే ఇంటికొచ్చాను. సున్నం వేలి మీదే ఎండింది, పగుళ్ళలో మండుతోంది. ఈ పేజీ మూల తెల్ల మరక అదే. తుడుద్దామంటే, దాని డబ్బాలో మిగిలింది ఇంతే...